గురువు గారి ప్రాజెక్టా, సొంత ప్రశ్నా?

డిగ్రీలోనే పరిశోధన చేయాలనుకునే వారికి దారులు రెండు. ఆచార్యుల ప్రాజెక్టులో ఒక ముక్క అందుకోవడం మొదటిది. 1969లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ మాక్‌వికర్ మొదలుపెట్టిన కార్యక్రమం విద్యార్థులను అలాగే ప్రయోగశాలల్లోకి తెచ్చింది. పరికరాలు, పద్ధతి, సందేహం తీర్చే సీనియర్లు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ప్రశ్న మాత్రం మనది కాదు.

రెండోది సొంత ప్రశ్నతో వెళ్లడం. అలా వెళ్తే మార్గదర్శికి అసలు పని అక్కడే మొదలవుతుంది. ‘ఫోన్ల వల్ల చదువు పాడవుతోందా?’ అని విద్యార్థి రాసుకొస్తాడు. ‘ఎవరి చదువు? పాడవడమంటే మార్కులు తగ్గడమా, క్లాసుకు రాకపోవడమా? దేనితో కొలుస్తావు?’ అని ఆయన పెన్సిల్‌తో గీతలు పెడతారు. నాలుగు వారాలకు అది ‘రాత్రి పది తర్వాత ఫోను వాడకం, మర్నాడు మొదటి క్లాసు హాజరు’ దగ్గర నిలుస్తుంది. ఆ వాక్యం ఆయనే రాసిచ్చేస్తే మళ్లీ మొదటి దారికి వచ్చినట్టే (ఓపిక లేని గురువులు చేసే పని ఇదే!). పైగా మనుషులను ప్రశ్నించే సర్వేకు నైతిక సమీక్ష సంఘం (పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే కమిటీ) అనుమతి కావాల్సి వస్తే మరికొన్ని వారాలు పోతాయి.

చేతిలో ఒక్క సెమిస్టరే ఉంటే మొదటిదే నయం. ఏడాది ఉండి, వారానికో గంట కూర్చునే గురువు దొరికితే నా ఓటు రెండోదానికే.