సీపాప్ మిషన్: ఏళ్ల వాడకం తర్వాత, మతిమరుపు లెక్క తీసి చూస్తే

నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపేది సీపాప్ మిషన్. 'మతిమరుపు రాకుండా కాపాడుతుంది' అని ఎవరైనా ఈ మిషన్ అంటగట్టబోతే కొనకండి. నిద్రలో ఊపిరి ఆగుతోందని స్లీప్ స్టడీలో (నిద్రలో ఊపిరిని కొలిచే పరీక్షలో) తేలితే మాత్రం ఆలస్యం చెయ్యకండి. రెండూ వేరే సంగతులు.

నిద్రలో ఊపిరి ఆగడానికీ మతిమరుపుకూ సంబంధం అసలే లేదని కాదు. సగటున 82 ఏళ్లున్న 298 మంది ఆడవాళ్లను గమనించిన అమెరికా అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. నిద్రలో గంటకు 15 సార్లు, ఆపైన ఊపిరి ఆగడమో తగ్గడమో ఉన్నవాళ్లలో సుమారు 45 శాతానికి ఐదేళ్లు తిరిగేసరికి జ్ఞాపకశక్తి తగ్గడమో డిమెన్షియానో (మతిమరుపు జబ్బు) కనిపించింది. మిగతావాళ్లలో అది 31 శాతం. ఆ ముప్పు ముడిపడింది మాటిమాటికీ మెలకువ రావడంతో కాదు, ఆక్సిజన్ పడిపోవడంతో. మిషన్ వాడితే ముప్పు తగ్గుతుందనడానికి గట్టి రుజువు ఇంకా లేదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ లెక్కగట్టిన, మనం తగ్గించుకోగల 14 డిమెన్షియా కారణాల్లో నిద్రలో ఊపిరి ఆగడం లేదు. బీపీ, షుగర్, ఊబకాయం ఉన్నాయి. గురక మనిషికి అవి ఎలాగూ తోడుంటాయనుకోండి.

ఇక వాడకం. ఆటో రకం 4 నుంచి 20 దాకా ప్రెషర్ తనే మార్చుకుంటుంది. అలాగే వదిలేస్తే మొదట్లో 4 దగ్గర కొందరికి ఊపిరాడదు, పైకి పోయినప్పుడు మాస్క్ లీకవుతుంది. రెండు హద్దులూ డాక్టరుతో పెట్టించుకోవాలి.

అసలు తిప్పలన్నీ మాస్క్‌తోనే. కూర్చుని కట్టిన పట్టీ పడుకోగానే కదులుతుంది, కాబట్టి గాలి నడుస్తుండగా పడుకునే సర్దుకోవాలి. లీకైతే బిగించడం అందరూ చేసేదే. దాంతో సిలికాన్ ముడతపడి ఇంకా లీకవుతుంది. కొంచెం వదులు చేసి, మాస్క్ ముందుకు లాగి వదిలితే కుదురుకుంటుంది. పడుకునే ముందు ముఖం మీది నూనె సబ్బుతో కడగాలి. తెల్లారి నోరు పిడచగట్టుకుపోతుంటే నోటితో గాలి పోతున్నట్టే. ముక్కు, నోరు రెండూ కప్పే మాస్క్ అడగండి.

గాలికి తేమ పట్టించే నీళ్ల తొట్టిలో బోరు నీళ్లు పొయ్యకండి, డిస్టిల్డ్ వాటరే. మిగిలినవి పొద్దున్నే పారబొయ్యాలి. వరంగల్ చలికాలంలో పైపులో నీళ్లు చేరి గుడగుడలాడుతుంది. తేమ తగ్గించి, మిషన్‌ను మంచం కన్నా కింద పెట్టి, పైపుకు గుడ్డ చుడితే ఆగుతుంది. ఎండాకాలం కూలర్ గదిలో తేమ ఎలాగూ ఉంటుంది, సెట్టింగు బాగా తగ్గించవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద పడితే తొట్టిలో నీళ్లు వేడిచేసే హీటర్ ఆపెయ్యండి. ఎక్కువ కరెంటు తాగేది అదే.

గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో మిషన్ తెర మీద చూపించే స్కోరు బాగుందని మురిసిపోవద్దు. తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ, చాలామందికి ఊపిరి బాగా ఆగేదీ అప్పుడే. మూడింటికి మాస్క్ పీకేస్తే ఆ తర్వాత ఆగిన ఊపిరి మిషన్ లెక్కలోకి రాదు. ఆక్సిజన్ అయితే మామూలు మిషన్ అసలు కొలవదు. అందుకే డాక్టరును అడిగి, మిషన్ పెట్టుకున్న రాత్రే ఆక్సిజన్ రికార్డు చేసే ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూడాలి. ఆక్సిజన్ మళ్లీ మళ్లీ 90 శాతం కిందికి దిగుతుంటే తెర మీద స్కోరు ఎంత బాగున్నా ప్రెషర్ మళ్లీ చూపించుకోవాల్సిందే.