ఇంటి వెనక కొలిమి: ఏళ్లుగా వాడుతున్నవాడి మాట

కత్తులు సొంతంగా చేసుకోవాలని కొలిమి పెట్టుకునేవాళ్లు చాలామంది డబ్బంతా దాగలికీ (కాలిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) సుత్తులకీ పోస్తారు. ఏళ్లుగా వాడాక నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. ఇనుము సాగగొట్టడానికి కావాల్సినవన్నీ పాత ఇనుప సామాన్ల కొట్లోనే దొరుకుతాయి. కత్తి నిలిచేదీ పాడయ్యేదీ కొట్టుడు అయిపోయాక, దాన్ని కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ సన్నటి వేడిలో ఉంచే దగ్గరే. అందుకే నా షెడ్డులో ఏ వస్తువు విలువైనా వేడిని ఎంత బాగా చూడనిస్తుంది, ఎంత బాగా అదుపులో ఉంచనిస్తుంది అన్నదాన్ని బట్టే కడతాను.

మాది నిజామాబాద్ వైపు. ఇంటి వెనక పది బై పన్నెండు అడుగుల రేకుల షెడ్డు. అందులో చేసేవి కత్తిపీటలు, కొడవళ్లు, మచ్చుకత్తులు, వంటింటి చాకులు. నేల మట్టిదే ఉంచాను. ఎర్రగా కాలిన ముక్క సిమెంటు గచ్చు మీద పడితే గచ్చు పెచ్చులూడి ఎగిరే ప్రమాదం ఉంది. షెడ్డులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది మసక వెలుతురు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇనుము రంగు చూసి వేడి చెప్పడం ఎవరివల్లా కాదు, బాగా కాలింది కూడా చప్పగా కనిపిస్తుంది. అలాగని తలుపులు బిగించుకోకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మనిషిని తెలియకుండానే పడగొట్టేస్తుంది. నేను చూరు కింద నాలుగు వైపులా అడుగు ఖాళీ వదిలి, ఎండ పడే వైపు గోనెపట్టాలు కట్టాను. వెలుగు తగ్గింది, గాలి మాత్రం ఆడుతుంది.

కొలిమి అంటే లారీ బ్రేక్ డ్రమ్ముకు లోపల మట్టి మెత్తి, అడుగున గొట్టం పెట్టి, బ్లోయర్ తగిలించిందే. తుమ్మ బొగ్గు వాడతాను. రాక్షసి బొగ్గు వేడి బాగానే ఇస్తుంది కానీ పొగ, గంధకం వాసన, అడుగున గడ్డకట్టే చిట్టెం ఇళ్ల మధ్య పనికిరావు. గ్యాస్ కొలిమి కూడా కొన్నాళ్లు వాడాను. చిన్న చాకులకు చాలా బాగుంటుంది, వేడి అంతటా సమానంగా అందుతుంది. అయితే కత్తిపీట వంపు దాని నోట్లో పట్టదు, కొడవలి అసలే పట్టదు. పైగా ఇంటి వంట సిలిండర్ ఈ పనికి వాడకూడదు, కమర్షియల్ సిలిండర్ తెచ్చుకోవాలి. లోపలి తెల్లటి సిరామిక్ ఉన్నికి పూత వేయకుండా వెలిగిస్తే ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అది ఇంకా పెద్ద బెడద. మన సంప్రదాయ కత్తులు చేయాలనుకునేవాళ్లకు నా ఓటు బొగ్గుకే.

దాగలికి రైలు పట్టా ముక్క వెతకొద్దు. ఎక్కడిదో తెలియని రైల్వే సామాను దగ్గరుంటే 1966 నాటి చట్టం కింద కేసవుతుంది. మందపాటి ఉక్కు దిమ్మె ఒకటి తెచ్చి, నిలువుగా చింత మొద్దులో దిగ్గొట్టండి. సుత్తి దెబ్బ పడే చోటికి సూటిగా కింద ఎంత ఉక్కు ఉందన్నదే ముఖ్యం.

ఉక్కు సంగతికొస్తే, అందరూ వాడేది లారీ కమాను పట్టీయే. సుమారు అర శాతం పైన కార్బన్, కాస్త ఎక్కువ సిలికాన్ ఉండే ఈ ఉక్కు దెబ్బకు ఓరుస్తుంది, నూనెలో చక్కగా గట్టిపడుతుంది. కానీ ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. గంటల తరబడి కొట్టి, నున్నగా చేసి, నూనెలో ముంచగానే టిక్కుమని చీలితే ఆ బాధ చెప్పలేం. కొత్త పట్టీ కొనడానికి అయ్యే ఖర్చు పడే శ్రమ ముందు లెక్కలోకి రాదు. జింకు పూత ఉన్న ఇనుము మాత్రం కొలిమి దగ్గరికే రానివ్వకండి, దాని పొగ విషం.

ఇక అసలు ఘట్టం. కత్తిపీట బద్దను అంచు పైకి, వెన్ను కిందికి ఉండేలా బొగ్గుల్లో మెల్లగా జరుపుతూ కాలుస్తాను. మసక వెలుతురులో చూస్తే పలచటి అంచు ముందు నారింజకు తిరుగుతుంది, లోపల ఒక నల్లటి నీడ కనిపిస్తుంది. ఉక్కు లోపలి అమరిక మారేటప్పుడు వేడిని మింగుతుంది కాబట్టి ఆ మేరకు రంగు వెనకబడుతుంది. ఆ నీడ అంచు నుంచి వెన్ను వైపు జరుగుతూ పోయి కరిగిపోతుంది. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కొత్తవాళ్లకు అది మంచి గుర్తే కానీ, ముంచడానికి ఇంకో రంగు పైకి వెళ్లాలి. గోరువెచ్చని కంటే కాస్త ఎక్కువ వేడి చేసిన పల్లీ నూనెలో, పక్కలకు ఊపకుండా, నిటారుగా దించాలి. పక్కకు ఊపితే వంకర పోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, దాని పొగ మంచిది కాదు. నూనె డబ్బాకు ఇనుప మూత చేతికందేలా ఉండాలి. చల్లారాక ఆకురాయి అంచు మీద పట్టకుండా జారిపోతే పని అయినట్టే.

అప్పుడది గాజులా పెళుసు. ఆ పెళుసు తగ్గడానికే మళ్లీ సన్నటి వేడిలో ఉంచడం. నా షెడ్డులో అత్యంత విలువైన వస్తువు ఇక్కడే రంగంలోకి దిగుతుంది: ఒక పాత ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్. వంటింటిది కాదు, దీనికోసమే వేరుగా పెట్టింది. దాని డయల్ చెప్పే అంకె నమ్మకుండా లోపల ఒక ఓవెన్ థర్మామీటర్ పెట్టండి. వంటింటి చాకులకు 200 డిగ్రీల చుట్టూ, గంట చొప్పున రెండుసార్లు. మెరిసే చోట లేత ఎండుగడ్డి రంగు వస్తుంది. కొమ్మలు నరికే మచ్చుకత్తికి ఇంకొంచెం పైకి పోవాలి, లేకపోతే అంచు పెళ్లలుగా లేస్తుంది.

కత్తిని అరగదీసే బెల్ట్ గ్రైండర్ దగ్గర మాత్రం నాకు అసంతృప్తి ఉంది. ఆన్‌లైన్‌లో కొన్నది బెల్టును ఎప్పుడూ ఒక పక్కకే లాగేది. అమ్మినవాళ్లు ఫోనే ఎత్తలేదు. చివరికి మా లేత్ షాపులో చక్రాలు కొత్తగా తిప్పించాక దారికొచ్చింది. ఆ డబ్బుతో మొదటే లోకల్‌గా చేయించుకోవచ్చు. పక్కన నీళ్ల బకెట్ తప్పనిసరి. అంచు నీలంగా మారిందంటే అక్కడ పదును ఇక నిలవదు. ముక్కుకు మంచి మాస్కు లేకుండా అసలు ఆన్ చేయొద్దు.

కోనసముద్రం మాకు దూరం కాదు. ఒకప్పుడు అక్కడ మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) ఉక్కు తీసేవారు, పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారు. అది విన్నవాళ్లు ఇంటి కొలిమిలో ఆ ఉక్కు తీయొచ్చా అని నన్ను అడుగుతుంటారు. తీయలేం. ఇనుము, ఆకులు, కర్రముక్కలు మూసలో మూసి కరిగే దాకా కాల్చడానికి వేరే కొలిమి, వేరే విద్య కావాలి. ఇంటి కొలిమి పని తయారైన ఉక్కును కత్తిగా మలచడం వరకే. దానికే ఓ జీవితం పడుతుంది. మా ఊరి కమ్మరి పెద్దాయన అయస్కాంతం లేకుండా రంగు చూసే ముంచుతాడు, ఆయన పక్కన కూర్చున్న సాయంత్రాలు నాకు ఏ వీడియో కంటే ఎక్కువ నేర్పాయి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. తొమ్మిది అంగుళాలు మించిన పొడవు గానీ, రెండు అంగుళాలు మించిన వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల నిబంధనల కిందకు వస్తాయి. ఇంటి పనికీ వ్యవసాయానికీ తయారైన వాటికి మినహాయింపు ఉంది. బాకులు, తల్వార్లు చేసిపెట్టమని వచ్చేవాళ్లకు నేను కుదరదనే చెబుతాను.

మా ఎండల్లో మే నెలంతా కొలిమి వెలిగించలేం. ఆ రోజుల్లో పిడుల పని పెట్టుకుంటాను, లక్క కరిగించి పోసి బిగించడం లాంటివి. వానాకాలంలో కత్తులకు కొబ్బరినూనె రాస్తే చాలు, బొగ్గు మాత్రం డ్రమ్ములో మూసి పెట్టాలి. పక్కనే ఇళ్లున్నాయి కాబట్టి సుత్తి పని ఉదయం తొమ్మిది తర్వాతే. చింత మొద్దు కింద ఇసుక పోశాక చప్పుడు బాగా తగ్గింది, పక్కింటివాళ్ల నుంచి ఇంతవరకు ఒక్క మాట రాలేదు.