ప్రింరోజ్ హిల్, స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ: నేటి డ్రూయిడ్ల చోట్లు

డ్రూయిడ్లంటే ప్రాచీన కెల్ట్ జాతుల పూజారులు; నేడు వాళ్ల పేరుతో ప్రకృతిని ఆరాధించే మతం ఒకటుంది. డ్రూయిడ్ల పేరు వినగానే అందరూ ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాళ్ల వలయం స్టోన్‌హెంజ్‌కు టికెట్ కొంటారు. ఈ మతం ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే మాత్రం లండన్‌లోని ప్రింరోజ్ హిల్‌తో మొదలుపెట్టాలి. చాక్ ఫామ్ మెట్రో స్టేషన్ నుంచి కాస్త నడిస్తే చాలు, టికెట్ అక్కర్లేదు. వేల్స్ కవి యోలో మోర్గానుగ్ 1792లో తొలి ‘గోర్సెద్’ కవిసభ జరిపింది ఈ గుట్టమీదే. ప్రాచీనమని ఆయన చూపిన క్రతువుల్లో చాలా భాగం సొంత కల్పనే. అయినా నేటికీ డ్రూయిడ్లు చెప్పుకునే ప్రార్థన ఆయన రాసిందే. ఆయన పేరిట పైన ఒక ఫలకం ఉంది.

స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లు క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టినవి. డ్రూయిడ్ల ప్రస్తావన రాతల్లో కనిపించేది అంతకు రెండు వేల ఏళ్ల తర్వాతే. ఈ రెంటినీ ముడిపెట్టింది 17వ శతాబ్దంలో పురావస్తు పరిశీలకుడు జాన్ ఆబ్రీ, తర్వాత అదే బాటలో విలియం స్టక్లీ. మామూలు టికెట్‌తో వెళితే రాళ్లను దూరం నుంచే చూడాలి. ఏడాదిలో అతి పొడవైన పగటికి ముందు రాత్రి (జూన్ అయనాంతం), ఇంకో మూడు పర్వదినాల్లో మాత్రం మధ్యకు ఉచితంగా వదులుతారు. కారు నిలపడానికి ముందే ఏర్పాట్లు చూసుకోవాలి. మద్యం, గాజు సీసాలు, పెద్ద సంచులు ఒప్పుకోరు. ఎండాకాలమే కదా అని పల్చటి బట్టలతో వెళ్లేవాళ్లు సూర్యోదయం దాకా చలికి ఆగలేరు: అది గాలికి అడ్డులేని మైదానం, పైగా గడ్డి మంచుకు తడిసి ఉంటుంది. స్వెటర్, వానకోటు, కింద పరుచుకోవడానికి ప్లాస్టిక్ పట్టా తప్పనిసరి. బసకు సాల్స్‌బరీ నయం. లండన్ వాటర్లూ నుంచి రైలు గంటన్నర, స్టేషన్ ముందే స్టోన్‌హెంజ్ బస్సు.

క్రతువు చూడటానికి అన్నిటికన్నా మంచి చోటు స్టోన్‌హెంజ్ ఉన్న విల్ట్‌షైర్ కౌంటీలోనే ఉన్న ఏవ్‌బరీ పల్లె. ఊళ్లో కొంత భాగం రాళ్ల వలయంలోనే ఉంది, రాళ్లను చేత్తో తాకవచ్చు. రాస్ నికల్స్ 1964లో స్థాపించిన డ్రూయిడ్ సంఘం (‘ఆర్డర్’) ఏడాదికి ఎనిమిది పండుగల క్రమాన్ని స్థిరపరిచింది. 1988లో ఫిలిప్ కార్-గామ్ దాన్ని తిరిగి నిలబెట్టి పోస్టులో పాఠాలు పంపడంతో దేశదేశాలకు పాకింది. 1993 నుంచి ఏవ్‌బరీలోనూ బహిరంగ గోర్సెద్‌లు జరిగాయి. అందరూ వలయంగా నిలబడి నాలుగు దిక్కులకూ శాంతి పలుకుతారు, ‘అవెన్’ (వెల్ష్ భాషలో ప్రేరణ) అని ముమ్మారు దీర్ఘంగా జపిస్తారు. కొత్తవాళ్లూ చేయి కలపవచ్చు, వలయాన్ని మధ్యలో తెంచుకుని నడవకూడదంతే. ఫొటోకు ముందు అడగండి.

ఊళ్లో గదులు చాలా తక్కువ, పండుగ రోజుల్లో అసలు దొరకవు. మార్ల్‌బరో గానీ డివైజెస్ గానీ చూసుకోండి. స్విండన్ నుంచి బస్సుంది, ఆదివారాల్లో తక్కువ. రాళ్ల మధ్య గొర్రెలు మేస్తాయి కాబట్టి బూట్లు వేసుకోండి. అక్కడి బీచ్ (beech) చెట్లకు రిబ్బన్లు బిగించి కట్టొద్దు, కొమ్మ లావయ్యేకొద్దీ అవి బెరడును కోస్తాయి. దగ్గర్లోని వెస్ట్ కెన్నెట్ ప్రాచీన రాతి సమాధిలో కొవ్వొత్తులు వెలిగించొద్దు. మసి, మైనం రాతికి పట్టి వదలవు, వేడికి రాయి పగులుతుంది.