సెల్చుక్ ఒంటెల పండగ: శనివారానికే చేరుకోండి

టర్కీలో ఒంటెల కుస్తీ చూడటానికి వచ్చేవాళ్లు చాలామంది జనవరి మూడో ఆదివారం పొద్దున సెల్చుక్ దగ్గరి పాముజాక్ తీరానికి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. నన్నడిగితే శనివారానికే ఊళ్లో ఉండాలి. ఆ రోజు ఒంటెల అందాల పోటీ. డోలు, జుర్నా అనే సన్నాయి మోగుతుంటే ఒంటెల్ని వీధుల్లో నడిపిస్తారు. వీపు మీద హవుత్ అనే పెద్ద జీను, దాని వెనక ఒంటె పేరు కుట్టిన గుడ్డ, చుట్టూ కుచ్చులు, పూసలు, గంటలు. కనుమనాడు మన ఊళ్లో గిత్తల్ని ముస్తాబు చేసేటప్పటి మురిపెమే ఆ యజమానుల ముఖాల్లోనూ చూశాను. ఆదివారం వాళ్లకి ఊపిరాడదు. శనివారం మాత్రం టీ చేతికిచ్చి మరీ తమ ఒంటె తల్లి ఏ జాతిదో, తండ్రి ఎక్కడిదో చెబుతారు.

ఆ వంశం లెక్క వాళ్లకి ప్రాణం. బరిలోకి దిగేది తులు అనే సంకర ఒంటె. రెండు మూపురాల మగదాన్ని ఒంటి మూపురం ఆడదానితో దాటిస్తే పుడుతుంది. తల్లినీ తండ్రినీ మించి పెరుగుతుంది, బరువులు మోస్తుంది, కొండల చలికీ తట్టుకుంటుంది. కానీ తులులనే తమలో తమకు కలిపితే పిల్లలు నాసిగా పుడతాయి. అందుకని ప్రతిసారీ అసలు జాతుల దగ్గరికే వెళ్లాలి. రెండు మూపురాలవి టర్కీలో అరుదు కాబట్టి ఇరాన్ వైపు నుంచి తెప్పించుకుంటారు.

ఇంత శ్రమ కుస్తీ కోసం మొదలైంది కాదు. యోరుక్ సంచార కుటుంబాలు చలికాలం తీరంలో, వేసవి టారస్ కొండల మీద గడిపేవి. మేకవెంట్రుకల నల్ల డేరా, వంటసామాను, పసిపిల్లలు అన్నీ ఒంటె మీదే. పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లేదీ అలంకరించిన ఒంటె మీదే. 1866లో ఇజ్మిర్ నుంచి ఐదిన్‌కి రైలు పడ్డాక అత్తిపండ్లు మోసే బిడారులకు పని తగ్గింది. తర్వాత లారీలొచ్చాయి. బరువులు మోసే పని పోయినా మంచి తులును పెంచడంలోని గౌరవం పోలేదు. దాన్ని ఈ పోటీలే నిలబెడుతున్నాయి.

ఆదివారం కుస్తీ గురించి నిజం చెప్పాలి. చలికాలం మగ ఒంటెలకు మదకాలం, నోట నురగలు కక్కుతుంటాయి. కరవకుండా మూతులు కడతారు. పారిపోయినా, అరిచినా, కిందపడినా ఓటమే. దెబ్బలు తగలకముందే తాళ్లవాళ్లు లాగి విడదీస్తారు. అయినా జంతుప్రేమికుల అభ్యంతరం నాకు సబబుగానే తోచింది. రెండు మూడు పట్లు చూశాక చాలనిపించింది. పక్కనే ఒంటె మాంసంతో చేసిన సుజుక్ అనే సాసేజ్ అమ్మడం మరీ కలుక్కుమంది. శాకాహారులకు పాలకూర, చీజ్ పెట్టి కాల్చే గోజ్లెమె అనే రొట్టె దొరుకుతుంది. సముద్రపు గాలి కోసేస్తుంది, దళసరి కోటు తప్పనిసరి.

బస సెల్చుక్ ఊళ్లోనే మేలు. ఇజ్మిర్ విమానాశ్రయం నుంచి నేరుగా రైలుంది, స్టేషన్ దగ్గరే కుటుంబాలు నడిపే పెన్షన్లు, అంటే చిన్న బస ఇళ్లు. మేమున్న చోట పొద్దుటి టిఫిన్ అద్భుతం, హీటర్ మాత్రం రాత్రిపూటే వేసేవారు. ముందే అడిగి తీసుకోండి. దగ్గర్లోని తీరపట్టణం కుషాదసిలో సముద్రం కనిపించే గదులున్నాయి గానీ జనవరిలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి, పైగా రోజూ రానూపోనూ ప్రయాణం.

అంటాల్యా దగ్గర కెమెర్‌లోని యోరుక్ పార్కు పిల్లలకు బాగుంటుంది. డేరాలు, మగ్గాలు, బొమ్మ మనుషులు ఉన్నాయి, జీవం లేదు. నిజమైన వలస చూడాలంటే వసంతంలో మెర్సిన్ తీరం నుంచి కొన్యా వైపు సాగే సరికెచిలి అనే యోరుక్ తెగ కుటుంబాలే దిక్కు. అది వాళ్ల బతుకుతెరువు, ప్రదర్శన కాదు. తెలిసిన స్థానికుల ద్వారా ముందు అనుమతి అడగండి, వద్దంటే వెనక్కి రండి.