పుచ్చకాయ కోస్టర్: కాటన్ దారమా, యాక్రిలిక్ ఊలా?

వేసవిలో మజ్జిగ, నిమ్మరసం గ్లాసుల కింద పెట్టుకోవడానికి పుచ్చకాయ చక్రంలా క్రోషే (కొక్కెం సూదితో చేసే అల్లిక) కోస్టర్ అల్లాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది దారం సంగతి. కాటన్ దారానికైనా, యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలుకైనా నమూనా ఒక్కటే. నడుమ ఆరు సింగిల్ క్రోషేలతో, అంటే క్రోషేలోని మామూలు పొట్టి కుట్లతో మొదలుపెట్టి, వరుసకు ఆరు చొప్పున పెంచుతూ పోతే ఎనిమిదో వరుసకు 48 కుట్లవుతాయి. ఎరుపు వరుసల తరువాత ఒక తెలుపు, చివర ఒక ఆకుపచ్చ వరుస వేసి, నల్లదారంతో గింజలు కుట్టాలి.

యాక్రిలిక్ ఊలు చవక, రంగులు అనేకం, సాగే గుణం వల్ల కొత్తవారి చేతికి సులువుగా లొంగుతుంది. అయితే చల్లని గ్లాసు ఒంటికి పట్టిన చెమ్మ కిందికి జారినప్పుడు యాక్రిలిక్ పోగు దాన్ని దాదాపు పీల్చుకోదు కనుక, నీరు కుట్ల సందుల్లోంచి దిగి బల్లను తడుపుతుంది. కాటన్ ఆ తడిని తనలోకి తీసుకుంటుంది. పైగా వేడి టీ గ్లాసునూ నిశ్చింతగా పెట్టవచ్చు; యాక్రిలిక్ మితిమీరిన వేడికి మెత్తబడి ఆకారం కోల్పోతుంది.

కాటన్‌తో చిక్కు ఎరుపు రంగుతోనే. అది దిగితే పక్కనున్న తెల్ల వరుస గులాబీ రంగుకు తిరుగుతుంది కాబట్టి, అల్లడానికి ముందే చిన్న ముక్కను తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడడం మంచిది. నరసాపురం లేసు అల్లేవారు వాడే సన్న నూలు దీనికి పలుచనవుతుంది. కాస్త లావు దారం, 3.5 మి.మీ. కొక్కెం సూది తగినవి. గోడకు వేలాడదీసే అలంకారానికైతే యాక్రిలిక్ చాలు, గ్లాసు కిందికి మాత్రం నా ఎంపిక నిస్సందేహంగా కాటనే.