మెయిల్ సింక్: పుష్, పావుగంట, గంట, మాన్యువల్... బ్యాటరీకి ఏది మేలు?

ఛార్జింగ్ సాయంత్రానికే అయిపోతోందని ఎవరితోనైనా అంటే రెండు సలహాలు తప్పకుండా వస్తాయి. ఒకటి, మెయిల్ సింక్ పూర్తిగా ఆపేయమని. రెండు, పుష్ తీసేసి పావుగంటకోసారి వచ్చేలా పెట్టుకోమని. మొదటి సలహా పాటించి ఇంటర్వ్యూ మెయిల్ మర్నాడు చూసుకున్నవాళ్లు నాకు తెలుసు. రెండోది వినడానికి బాగానే ఉంటుంది. కానీ రోజుకు పాతికో ముప్పయ్యో మెయిళ్లు వచ్చేవాళ్ల ఫోన్లో అది ఛార్జింగ్ మిగల్చకపోగా ఇంకాస్త ఎక్కువే తింటుంది. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

ముందు పేర్లు. సర్వర్‌లోని మెయిళ్లు ఫోన్‌కు చేరడమే సింక్. కొత్త మెయిల్ రాగానే సర్వర్ తానే ఫోన్‌కు కబురు పెడితే అది పుష్. ఫోనే ఇంత సమయానికోసారి వెళ్లి "ఏమైనా వచ్చిందా?" అని అడిగితే ఫెచ్. మనం యాప్ తెరిచినప్పుడు మాత్రమే మెయిళ్లు దిగితే మాన్యువల్. ఏ ఫోనైనా, ఏ యాప్ అయినా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

మెయిల్ పెద్దదైతే ఎక్కువ ఛార్జింగ్, చిన్నదైతే తక్కువ అని చాలామంది అనుకుంటారు. మామూలు మెయిళ్ల విషయంలో అసలు ఖర్చు సైజులో లేదు, ఫోన్ ఎన్నిసార్లు నిద్ర లేచిందన్న దాంట్లో ఉంది. స్క్రీన్ ఆపి పక్కన పెట్టిన ఫోన్ లోపల కూడా నిద్రపోతుంది. ప్రాసెసర్ దాదాపు ఆగిపోతుంది, మొబైల్ నెట్‌వర్క్‌తో మాట్లాడే రేడియో భాగం కునుకు తీస్తుంది. సర్వర్‌ను ఏదైనా అడగాలంటే ఆ రేడియో పూర్తిగా మేల్కోవాలి. అడగడం, "ఏమీ లేదు" అని జవాబు రావడం ఒకటి రెండు సెకన్ల పని. కానీ పని అయిపోగానే రేడియో పడుకోదు. ఇంకేమైనా డేటా వస్తుందేమోనని మరికొన్ని సెకన్లు, 4జీలో సుమారు 10 సెకన్ల దాకా, మెలకువగానే ఉంటుంది. ఎంతసేపు ఉండాలో నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది, మన చేతిలో లేదు. పసిబిడ్డను లేపడం క్షణం పని, మళ్లీ నిద్రపుచ్చడానికే తల్లికి గంట పడుతుంది. ఇదీ అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. పావుగంటకోసారి అంటే రోజుకు 96 సార్లు. ఒక్కోసారికి 10 సెకన్లు వేసుకున్నా 960 సెకన్లు, అంటే 16 నిమిషాలు రేడియో ఊరికే మెలకువగా ఉన్నట్టు. మూడు అకౌంట్లు ఉండి, మూడూ వేర్వేరు సమయాల్లో అడుగుతుంటే 48 నిమిషాలు. ఈ 96 సార్లలో చాలాసార్లు సర్వర్ చెప్పే జవాబు "ఏమీ లేదు" అనే. అదే గంటకోసారి పెడితే 24 సార్లు, అకౌంటుకు నాలుగు నిమిషాలు. కొన్ని యాప్‌లలో ఐదు నిమిషాలకోసారి అనే ఆప్షన్ కూడా ఉంటుంది. అది రోజుకు 288 సార్లు. ఆ ఆప్షన్ జోలికి వెళ్లకండి.

పుష్‌లో అయితే రోజుకు 20 మెయిళ్లు వచ్చేవాళ్ల ఫోన్ వాటి కోసం లేచేది దాదాపు 20 సార్లే. ఖాళీ చేతులతో తిరిగి రావడం అనేది ఉండదు. అందుకే "పుష్ బ్యాటరీ తినేస్తుంది" అన్న మాట అందరికీ వర్తించదు. రోజుకు రెండు మూడు వందల మెయిళ్లు వచ్చి పడే ఆఫీసు అకౌంటు ఉంటే అది నిజమే, అక్కడ పావుగంట, అరగంట ఫెచ్చే నయం. మీ ఇన్‌బాక్స్‌కు నిన్న ఎన్ని మెయిళ్లు వచ్చాయో ఒకసారి లెక్కపెట్టండి. సుమారు వంద దాటితే పావుగంట ఫెచ్ గురించి ఆలోచించవచ్చు. దాటకపోతే పుష్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. పుష్ అనేది నిన్న మొన్న వచ్చిందీ కాదు. 1999లో వచ్చిన బ్లాక్‌బెర్రీ 850 అనే పేజర్ ఒకే ఒక్క డబుల్ ఏ బ్యాటరీతో నడుస్తూ మెయిళ్లను దానంతట అదే అందించేది.

అయితే పుష్ అన్నీ ఒకటి కావు. ఈ తేడా తెలియకే చాలామంది మోసపోతున్నారు, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి రకంలో ఫోన్ మొత్తానికి ఒకే ఒక్క దారి తెరిచి ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో దాన్ని గూగుల్ నడుపుతుంది, పేరు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్. ఐఫోన్‌లో యాపిల్ పుష్ నోటిఫికేషన్ సర్వీసు. చాటింగ్ యాప్, బ్యాంకు యాప్, మెయిల్ యాప్ అన్నింటి కబుర్లూ ఆ ఒక్క దారినే వస్తాయి. ఆ దారి ఎలాగూ తెరిచే ఉంటుంది కనుక మెయిల్ కోసం అదనంగా పడే భారం చాలా తక్కువ. జీమెయిల్ యాప్, ఔట్‌లుక్ యాప్ పనిచేసేది ఇలాగే.

రెండో రకంలో మెయిల్ యాప్ తన సొంత కనెక్షన్‌ను సర్వర్‌తో రోజంతా పట్టుకుని కూర్చుంటుంది. దీని పేరు ఐమ్యాప్ ఐడిల్. 1997లో రాసిన పద్ధతి. అప్పటికి అది కంప్యూటర్ల కోసం. అరగంట పాటు ఉలుకూ పలుకూ లేకపోతే సర్వర్ లైన్ కట్ చేయవచ్చు కాబట్టి, కనీసం 29 నిమిషాలకోసారి కనెక్షన్‌ను తాజా చేసుకోమని ఆ పద్ధతిలోనే రాసి ఉంది. అంటే మెయిల్ ఒక్కటీ రాకపోయినా రోజుకు దాదాపు 50 సార్లు మేల్కోవాలి. మొబైల్ నెట్‌వర్క్‌లు మౌనంగా ఉన్న కనెక్షన్లను ఇంకా ముందే తెంపేస్తుంటాయి, అప్పుడు ఇంకా ఎక్కువసార్లు. పైగా ఇది అకౌంటుకు ఒకటి. కొన్ని యాప్‌లలో ఫోల్డర్‌కు ఒకటి కూడా! థండర్‌బర్డ్, కె-9 మెయిల్ లాంటి యాప్‌లు ఏ ఫోల్డర్‌కు పుష్ కావాలో మనల్నే ఎంచుకోనిస్తాయి. ఇన్‌బాక్స్ ఒక్కదానికే ఇవ్వండి. ప్రమోషన్లు, పాత ప్రాజెక్టులు, స్పామ్ ఫోల్డర్లకు పుష్ ఎందుకు? ఆ యాప్‌లు నాకు ఇష్టమే, గూగుల్ దారి మీద ఆధారపడకుండా మన మెయిల్‌ను నేరుగా తెచ్చిపెడతాయి. కానీ మూడు అకౌంట్లకూ ఐడిల్ పెట్టి బ్యాటరీ నిలవాలంటే కుదరదు. ఒకదానికి పుష్, మిగతావాటికి గంటో రెండు గంటలో ఫెచ్.

ఐఫోన్ వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఫోన్‌తో వచ్చే మెయిల్ యాప్‌లో ఐక్లౌడ్‌కు, ఎక్స్ఛేంజ్ (ఆఫీసుల్లో వాడే మైక్రోసాఫ్ట్ మెయిల్) అకౌంట్లకు పుష్ దొరుకుతుంది. మామూలు జీమెయిల్ అకౌంటు అదే యాప్‌లో పెట్టుకుంటే పుష్ ఉండదు, ఫెచ్ మాత్రమే. ఒకప్పుడు ఎక్స్ఛేంజ్ యాక్టివ్‌సింక్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతి ద్వారా జీమెయిల్‌కు కూడా పుష్ వచ్చేది. 2013 జనవరి 30 నుంచి వ్యక్తిగత అకౌంట్లను కొత్తగా అలా పెట్టుకోవడాన్ని గూగుల్ ఆపేసింది. కాబట్టి జీమెయిల్ వెంటనే అందాలనుకునేవాళ్లు జీమెయిల్ యాప్ వేసుకోవాలి. అప్పుడు మెయిల్ యాప్‌లో ఉన్న అదే అకౌంటును ఆపేయడం మర్చిపోవద్దు. ఒకే అకౌంటు రెండు యాప్‌లలో సింక్ అవుతున్న ఫోన్లు నేను చాలా చూశాను. ఒకే ఉత్తరాన్ని రెండుసార్లు ఇంటికి మోసినట్టు.

ఐఫోన్ ఫెచ్ సెట్టింగ్‌లో పావుగంట, అరగంట, గంట, మాన్యువల్‌తో పాటు ఆటోమేటిక్ అని ఒకటి ఉంటుంది. అది తెలివిగా సర్దుకుంటుందని పేరు చూసి అనుకుంటాం. ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫైకి కలిసి ఉన్నప్పుడు మాత్రమే అది వెనకాల మెయిళ్లు తెస్తుంది. బ్యాటరీకి ఇంతకంటే మంచి సెట్టింగ్ లేదు, కానీ పగలంతా ఫోన్ జేబులో ఉన్నప్పుడు మెయిల్ దానంతట అదే రాదు. "నా ఫోన్‌లో మెయిళ్లు యాప్ తెరిస్తేనే వస్తున్నాయి" అని కంగారు పడేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. లో పవర్ మోడ్ ఆన్ అయి ఉన్నా అంతే, మెయిల్ ఫెచ్ ఆగిపోతుంది.

ఆండ్రాయిడ్‌లో కథ ఇంకోలా ఉంటుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆగిపోయి, ఛార్జర్ లేకుండా కొంతసేపు ఉంటే యాప్‌ల సింక్‌లన్నింటినీ సిస్టమ్ వాయిదా వేస్తుంది. మధ్యమధ్యలో చిన్న విరామం ఇచ్చి అందరి పనీ ఒక్కసారే కానిస్తుంది. ఫోన్ ఎంతసేపు కదలకుండా ఉంటే ఆ విరామాల మధ్య దూరం అంత పెరుగుతుంది. అంటే మీరు పావుగంట అని పెట్టుకున్నా, బల్ల మీద పడుకున్న ఫోన్‌లో అది పావుగంట కాదు. ఇది మనకు మంచిదే. కానీ మెయిళ్లు ఆలస్యమవుతున్నాయని కొందరు బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెయిల్ యాప్‌కు "అన్‌రిస్ట్రిక్టెడ్" ఇచ్చేస్తారు. ఆ క్షణం నుంచి ఆ యాప్‌కు పగ్గం ఉండదు. ఫెచ్ వాడే యాప్‌కు ఈ అనుమతి ఇస్తే మేలు కంటే నష్టమే ఎక్కువ. ఐడిల్ పుష్ వాడే ఒక్క యాప్‌కైతే ఇది తప్పదు, లేకపోతే దాని కనెక్షన్ తెగిపోతుంటుంది. జీమెయిల్ లాంటివాటికి మామూలుగా అవసరమే ఉండదు.

మాన్యువల్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. న్యూస్‌లెటర్లు, షాపింగ్ ఆఫర్లు, ఎప్పుడో తెరిచిన పాత అకౌంటు ఇలాంటివాటికి అదే సరైన చోటు. అయితే ఒక షరతు: మీరు రోజుకు రెండు మూడుసార్లు తెరిచి చూసేవాళ్లయితేనే అది బ్యాటరీకి మేలు. ఏదో వచ్చి ఉంటుందన్న టెన్షన్‌తో పది నిమిషాలకోసారి యాప్ తెరిచి కిందికి లాగి చూస్తుంటే మాన్యువల్ వల్ల ఏమీ మిగలదు. రేడియో లేస్తుంది, దానితో పాటు స్క్రీన్ కూడా వెలుగుతుంది. ఫోన్‌లో అన్నిటికంటే ఎక్కువ తినేవాటిలో స్క్రీన్ ముందు వరుసలో ఉంటుంది. అలాంటివాళ్లు నిశ్చింతగా పుష్ పెట్టుకోండి, నోటిఫికేషన్ వస్తేనే ఫోన్ తీయండి.

ఇక్కడే ఇంకో మాట. నోటిఫికేషన్ ఆపడం, సింక్ ఆపడం ఒకటి కాదు. శబ్దం రావట్లేదు కాబట్టి మెయిల్ రావట్లేదని అనుకోవద్దు. చాలా యాప్‌లలో నోటిఫికేషన్ ఆపినా వెనకాల సింక్ జరుగుతూనే ఉంటుంది. బ్యాటరీ కోసమైతే సింక్ సెట్టింగ్‌నే మార్చాలి.

షెడ్యూల్ ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా ఒక్క చిన్న తప్పు మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది. నాకే జరిగింది. ఒకసారి ప్రయాణంలో, సిగ్నల్ సరిగ్గా లేని చోట, స్కాన్ చేసిన పెద్ద ఫైలు జోడించి మెయిల్ పంపాను. వెళ్లిందనుకుని ఫోన్ సంచిలో పెట్టేశాను. రెండు గంటల తర్వాత తీస్తే ఫోన్ వేడిగా ఉంది, బ్యాటరీ ఎర్ర గీతకు దిగింది. తెరిచి చూస్తే ఆ మెయిల్ ఔట్‌బాక్స్‌లోనే ఉంది. సగం దాకా వెళ్లడం, సిగ్నల్ పోవడం, మళ్లీ మొదటి నుంచి మొదలవడం. మెయిల్ పంపే పద్ధతిలో ఆగిన చోటి నుంచి అందుకోవడం ఉండదు, ప్రతిసారీ మొత్తం పంపాల్సిందే. పైగా జోడించిన ఫైలు మెయిల్‌లో వెళ్లేటప్పుడు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు రేడియో ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది కాబట్టి ఖర్చు కూడా ఎక్కువే. ఆ రోజు నా ఫోన్లో పుష్ ఉందా, ఫెచ్ ఉందా అన్నది అసలు విషయమే కాదు. అప్పటి నుంచి బ్యాటరీ హఠాత్తుగా పడిపోతే ముందు ఔట్‌బాక్స్ చూస్తాను. ఆ తర్వాత, పాస్‌వర్డ్ మారిపోయి లాగిన్ కోసం పదేపదే ప్రయత్నిస్తున్న అకౌంటు ఏదైనా ఉందేమో చూస్తాను.

మరి ఏది మేలు? నా తీర్పు ఇది. వెంటనే చూడాల్సిన అకౌంటు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దానికి పుష్, అదీ వీలైతే ఫోన్ సొంత దారిని వాడుకునే యాప్‌లో. రెండో అకౌంటు ఉంటే గంటకోసారి. మిగతావన్నీ మాన్యువల్. పావుగంట ఫెచ్ నా దృష్టిలో ఎటూ కాని బేరం: పుష్ అంత వేగమూ ఇవ్వదు, గంట ఫెచ్ అంత ఆదా కూడా చేయదు. దానికి చోటున్నది రెండు సందర్భాల్లోనే. ఒకటి, పైన చెప్పిన వందల మెయిళ్ల అకౌంటు. రెండు, పుష్ అసలు దొరకని పాప్3 (మెయిళ్లు దించుకునే పాత పద్ధతి) లాంటి అకౌంటులో ఆ రోజు ముఖ్యమైన మెయిల్ దేనికోసమో ఎదురుచూస్తుంటే. అది అందగానే తిరిగి గంటకు మార్చేయాలి.

ఎక్కువసేపు వైఫైలో ఉండేవాళ్లకు ఈ తేడాలన్నీ చిన్నవైపోతాయి, ఎందుకంటే వైఫై పని కాగానే మొబైల్ రేడియో కంటే చాలా త్వరగా పడుకుంటుంది. రోజంతా మొబైల్ డేటా మీద తిరిగేవాళ్లకే ఈ గొడవంతా. కొన్ని మెయిల్ యాప్‌లలో పీక్ షెడ్యూల్ అని ఉంటుంది: పని గంటల్లో ఒక లెక్క, మిగతా సమయానికి ఇంకో లెక్క. ఆఫీసు అకౌంటుకు అది ఉంటే తప్పకుండా వాడుకోండి. రాత్రి పది తర్వాత వచ్చే ఆఫీసు మెయిల్‌ను ఎలాగూ పొద్దున్నే చూస్తారు.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీ ఫోన్లోనే తేల్చుకోవచ్చు. ఒక రాత్రి పడుకునే ముందు వైఫై ఆపి, మొబైల్ డేటా మీదే ఉంచి, ఇప్పుడున్న సెట్టింగ్‌తోనే ఫోన్‌ను ఛార్జర్ లేకుండా పక్కన పెట్టండి. బ్యాటరీ శాతం కాగితం మీద రాసుకోండి. పొద్దున లేవగానే మళ్లీ రాయండి. మర్నాటి రాత్రి అదే సమయానికి, అదే చోట, అంతే ఛార్జింగ్‌తో, మెయిల్ సెట్టింగ్ ఒక్కటే మార్చి పెట్టండి. రెండు రాత్రులకూ తేడా కనిపించకపోతే మీ బ్యాటరీని తింటున్నది బహుశా మెయిల్ కాదు (ఆండ్రాయిడ్‌లో కదలని ఫోన్‌లో డోజ్ కూడా సింక్‌ను వాయిదా వేస్తుంది కాబట్టి ఖాయంగా చెప్పలేం). సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిచి, వెనకాల ఎక్కువ వాడుకున్నట్టు ఏ యాప్ పేరు పైన ఉందో చూసి, దాని సంగతి చూడండి.