స్టడీ సర్కిలా, యూనియన్ పనా?

లెఫ్ట్ ఆలోచనలున్న మనుషులు కావాలని వెతికేవాళ్లకి మామూలుగా రెండు దారులు కనపడతాయి, ఒకటి స్టడీ సర్కిల్, అంటే కలిసి పుస్తకాలు చదివి చర్చించుకునే గుంపు, రెండోది ఏదో ఒక యూనియన్ పనిలో దిగిపోవడం. నేను రెండూ చూశాను.

స్టడీ సర్కిల్‌లో మంచి ఏంటంటే మాటలకి అర్థాలు తెలుస్తాయి. సోషల్ డెమోక్రాట్, కమ్యూనిస్టు, అనార్కిస్టు బయటి నుంచి చూస్తే అంతా ఒకటే అనిపిస్తారు గానీ రాజ్యం, అంటే ప్రభుత్వ యంత్రాంగం గురించి అడగండి, ముగ్గురూ మూడు వైపులు, ఎన్నికల ద్వారా దాన్ని మార్చుకుందామని ఒకరు, విప్లవంతో చేజిక్కించుకుందామని ఇంకొకరు, అసలు రాజ్యమే వద్దని అనార్కిస్టు, ఇదేం కొత్త గొడవ కాదు, 1864లో లండన్‌లో పెట్టిన మొదటి ఇంటర్నేషనల్ (దేశదేశాల కార్మికుల సంఘం) కూడా ఇక్కడే చీలింది, 1872 హేగ్ మహాసభలో అనార్కిస్టుల నాయకుడు బకూనిన్‌ని బహిష్కరించారు. ఇది తెలిస్తే ఎవరితో ఎంతవరకు కుదురుతుందో ముందే అర్థమవుతుంది. కాకపోతే బాగా మాట్లాడగలిగినవాళ్లే మాట్లాడుతూ ఉంటారు, కొత్తగా వచ్చినోళ్లు నోరు తెరవడానికే భయపడతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

యూనియన్ పనిలో సిద్ధాంతం గురించి అంత పట్టింపు ఉండదు, కరపత్రాలు పంచడానికి ఎవరొచ్చారు, ఉద్యోగం పోయినవాళ్ల ఇంటికి ఎవరెళ్లారు, అదే లెక్క. 1889లో పారిస్‌లో జరిగిన సోషలిస్టుల అంతర్జాతీయ మహాసభ ఎనిమిది గంటల పనిదినం కోసం వచ్చే మే 1న ప్రదర్శనలు చేయమని పిలుపిచ్చింది, ఆ రోజు నడిచినవాళ్లందరూ అవే పుస్తకాలు చదివొచ్చినోళ్లు కాదు కదా! అలసట మాత్రం చాలా ఉంటుంది, ఓడిపోయిన సమ్మె తర్వాత సగంమంది కనపడరు.

నన్నడిగితే ముందు పనిలోకే వెళ్లండి, అక్కడ దొరికిన ఇద్దరు ముగ్గురితో కలిసి చదవడం మొదలుపెట్టండి.